మాఠ్‌లో వేసిన రాట

మా నాన్న బొమ్మ ఫ్లెక్సీ మీద పడింది ఆయన డెబ్బై ఏళ్ళ బతుకులో ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారీ పడకపోయి ఉంటే మా ఇల్లు ఇల్లులా ఉండేది.

రెండు వేల ఇరవై నాలుగు ఎండాకాలం సంగతి ఇది. ఓట్లు, తుఫాను, ఫుట్‌బాల్ అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి ఆ రోజుల్లో. గార్డెన్ రీచ్‌లో డాక్ గోడ వెనక మా తెలుగు లైన్ ఉంటుంది. ఓడల్లో సరుకు దింపడానికి శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి మా తాతల కాలంలో వచ్చినవాళ్ళు వేసుకున్న ఇళ్ళు. రెండు వరుసల గదులు, మధ్యలో మురుగు కాలవ, చివర అసిరితల్లి గుడి, గుడి పక్కన ఆటస్థలం. దాన్ని మేం మైదానం అనం, బెంగాలీ వాళ్ళలాగే మాఠ్ అంటాం. చుట్టూ ఒకదాన్నొకటి రాసుకుంటూ లేచిన బిల్డింగుల మధ్య మాకు ఆకాశం కనిపించే చోటు అదొక్కటే. పెళ్ళిళ్ళు అక్కడే, అమ్మవారి సంబరం అక్కడే, పోయినవాళ్ళ దినం భోజనాలు అక్కడే. మిగతా రోజులన్నీ ఫుట్‌బాల్.

నాన్న పేరు బైరాగి. డాక్‌లో ఖలాసీ పని చేసి రిటైరయ్యాడు. వయసులో ఉండగా డాక్ టీముకి ఆడాడు. కాళ్ళు మానేశాక కూడా ఆయన మనసు ఆట మానలేదు. కోల్‌కతాలో ఇంటికో దేశం ఉంటుంది. ఒకరిది బ్రెజిల్, ఒకరిది అర్జెంటీనా. వరల్డ్ కప్పు వచ్చిందంటే మా లైన్లో కూడా గదుల మధ్య తాళ్ళు కట్టి ఆ జెండాలు వేలాడదీస్తారు. నాన్న మాత్రం కట్టనిచ్చేవాడు కాదు.

"పక్కింటోడి పెల్లికి మనింటికి తోరణం కడతామేటి?" అనేవాడు. ఇండియా ఎప్పుడో ఒకప్పుడు వరల్డ్ కప్పుకి వెళ్తుందనీ, ఆ రోజు మా గుమ్మానికి జెండా కడతాననీ ఆయన పట్టుదల. లైనంతా నవ్వేది. నక్కెక్కడ, నాగలోకమెక్కడ అనేవాళ్ళు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేసి, మళ్ళీ అదే మాట అనేవాడు.

మా ఇంటికి ఇంకో మర్యాద ఉంది. లైన్లో ఏ పందిరి వేసినా మొదటి రాట మా ఇంటి మగాడి చేత్తో పడాలి. గుంజకి పసుపు రాసి, మామిడాకులు కట్టి, గోతిలో నవధాన్యాలు వేసి, పాలు పోసి పాతుతారు. పాతినవాడే మళ్ళీ తీయాలి. తీసేదాకా చెప్పులతో ఎవరూ దాని దగ్గరికి పోరు. రాట పడిందంటే ఆ పనికి లైనంతా ఒప్పుకున్నట్టే లెక్క. తాత పోయాక ఆ హక్కు నాన్నకి వచ్చింది. నాన్న తర్వాత మా అన్నయ్యకి రావాలి.

అన్నయ్య పేరు ఢిల్లీశ్వరరావు. షిప్‌యార్డులో కాంట్రాక్టు పని పోయాక మొంటూ దా వెనక తిరగడం మొదలుపెట్టాడు. మొంటూ దా, అంటే మొంటూ అన్న, మా వార్డులో పార్టీ మనిషి. అతను ఔనంటేనే కుళాయిలో నీళ్ళొస్తాయి, అతను కాదంటే కరెంటు కూడా పోతుంది. పార్టీ ఏది అని అడక్కండి. ఎవరు గెలిస్తే వాళ్ళదే. పండగకీ, పుట్టినరోజుకీ, గెలుపుకీ అతను ఫ్లెక్సీలు వేయిస్తాడు. పైన పెద్ద తలకాయలు, కింద చిన్న తలకాయలు. ఆ కింది వరసలో కొసాకి, చేతులు జోడించుకుని మా అన్నయ్య.

"ఢిల్లీ అని పేరెట్టి, రాజకీయాల్లో దిగబడిపోనాడని ఏడిస్తే ఎలగ?" అనేది మా అమ్మ జగ్గమ్మ. ఆవిడ నవ్వుతూ అన్నా, కొడుకు ఇంటికి తెచ్చే పార్టీ మిఠాయిలు ఎప్పుడూ ముట్టుకునేది కాదు.

నేను మెటియాబ్రుజ్‌లో ఒక కుట్టుఖానాలో పని చేస్తూ వీళ్ళతోనే ఉంటున్నాను. ఆ నెలంతా పార్టీ జెండాలు కుట్టాం. ఓట్లు దగ్గరపడేసరికి జెండాల గిరాకీ తగ్గి, నీలం జెర్సీలు కుట్టమన్నారు. జూన్ ఆరున సాల్ట్ లేక్‌లో ఇండియాకీ కువైట్‌కీ మ్యాచ్. కెప్టెన్‌కి దేశం తరఫున అదే ఆఖరి ఆట. గెలిస్తే వరల్డ్ కప్పు క్వాలిఫయర్లలో మూడో రౌండుకి దారి దొరుకుతుంది. ఇండియా ఎప్పుడూ అంత దూరం వెళ్ళలేదు. ఆ సంగతి నాకు చెప్పింది నాన్నే. రోజుకి నాలుగుసార్లు చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం అన్నయ్య అన్నం తింటుంటే నాన్న పక్కన చేరాడు.

"పెద్దోడా, సాల్ట్ లేక్ టికెట్టు ఒకటి దొరుకుద్దేటి? మీ మొంటూ దా తలుసుకుంటే ఎంతసేపు?"

అన్నయ్య తలెత్తలేదు. "ఆ తొక్కిసలాటలో నువ్వేటి సూస్తావు నాన్నా? దాదా మన మాఠ్‌లోనే పెద్ద తెర ఏయిస్తన్నాడు. షామియానా, కుర్చీలు, అన్నీ. లైనంతా కూకుని సూడొచ్చు."

నాన్న ముఖం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. "మన మాఠ్‌లోనా? ఇండియా ఆటా?"

"మరేటి? అయితే నువ్వు రాట ఎయ్యాల. బైరాగి కాకా రాట ఏస్తేనే షామియానా అన్నాడు దాదా."

"సూసినావా జగ్గీ?" అన్నాడు నాన్న అమ్మతో. "ఆడు బెంగాలీ ఓడైనా మన పద్ధతి మరవలేదు."

"ఓట్లు దగ్గరికొస్తే అందరికీ అన్నీ గురుతుకొస్తాయి," అంది అమ్మ. "ఇంకాస్త పులుసెయ్యనా?"

తుఫాను వెళ్ళిన మూడో రోజో, నాలుగో రోజో రాట వేశారు. మాఠ్ సగం ఇంకా బురదగానే ఉంది. డాక్ వైపు నుంచి కొట్టుకొచ్చిన రేకులూ, కొమ్మలూ లైన్లో మగాళ్ళందరూ కలిసి ఏరి ఒక పక్కకి చేర్చారు. నాన్న తెల్లపంచె కట్టుకుని, తలంటుకుని వచ్చాడు. ఈశాన్యం మూల గొయ్యి తవ్వి ఉంది. అంత లోతు గొయ్యి రాటకెందుకని ఆయనే అన్నాడు. తుఫాను గాలి కదా, గట్టిగా ఉండాలని అన్నయ్య సర్ది చెప్పాడు.

అసిరితల్లి గుడి ఊడ్చే సన్యాసమ్మకి ఇదంతా నచ్చలేదు. ఆవిడ లైన్లో అందరికన్నా పెద్దది, ఆవిడ నోరు లైనంతటికన్నా పెద్దది.

"బంతాటకి రాటేట్రా బైరాగీ? అమ్మోరికి సెప్పినావా?"

"దేశం ఆడతన్నాది అత్తా. అది సంబరం కాదేటి?" అన్నాడు నాన్న.

సన్యాసమ్మ ఆకాశంలోకి చూసి, ఏదో గొణుక్కుని, చివరికి తనే పసుపు కలిపి తెచ్చింది.

మొంటూ దా వచ్చాడు. అతనితో తెల్లచొక్కా వేసుకున్న ఒక కొత్తమనిషి, ఒక బెంగాలీ పూజారి, ఒక ఫోటోగ్రాఫరు వచ్చారు. పూజారి పళ్ళెంలో కొబ్బరికాయతో పాటు ఎర్రగుడ్డ చుట్టిన ఇటుక ఒకటి ఉంది. నాన్న పాలు పోసి, ధాన్యం వేశాక, ఆ ఇటుక తీసి ఆయన చేతిలో పెట్టారు.

"ఇటిక ఏలరా?" అని నాన్న అన్నయ్యని అడిగాడు.

"ఆల్ల ఖుంటీ పూజలో పెడతారు నాన్నా. దుర్గాపూజ పందిరికి సూడలేదేటి?"

"ఆల్ల పద్ధతి ఆల్లది," అని నాన్న ఇటుకని కళ్ళకద్దుకుని గోతిలో పెట్టాడు. తర్వాత గుంజ నిలబెట్టాడు. తెల్లచొక్కా మనిషి ఒక చెయ్యి, మొంటూ దా ఒక చెయ్యి గుంజ మీద వేశారు. ఫోటోగ్రాఫరు నవ్వమన్నాడు. నాన్న నోరారా నవ్వాడు. ఆ నవ్వులో కల్లాకపటం లేదు. ఇండియా ఆడుతుంది, తన మాఠ్‌లో, తను వేసిన పందిరి కింద.

ఓట్లయ్యాయి. ఫలితాలొచ్చాయి. మొంటూ దా వాళ్ళే గెలిచారు. మా లైన్లో పచ్చరంగో, ఎర్రరంగో, కాషాయమో ఎవరిక్కావలసింది వాళ్ళు చల్లుకున్నారు. నాన్న పట్టించుకోలేదు. ఆయన లెక్కలో ఓట్లన్నీ కువైట్ మ్యాచ్‌కి ముందు వచ్చే ఊరి బస్సులాంటివి, ఎక్కిన వాళ్ళెక్కారు, పోయాయి.

ఆరో తారీకు సాయంత్రం నిజంగానే సంబరంలాగే ఉంది. మాఠ్‌కి అడ్డంగా తెర కట్టారు. ముందు పిల్లలు చాపల మీద, వెనక ఆడవాళ్ళు, ఆ వెనక మగాళ్ళు. మరమరాలతో మురీ కలిపి అమ్మేవాడు మూడుసార్లు ఉల్లిపాయలు తెప్పించుకున్నాడు. నేను కుట్టుఖానా నుంచి మిగులు జెర్సీ ఒకటి తెచ్చి నాన్నకిచ్చాను. లాల్చీ మీదే వేసుకున్నాడు. పొట్ట దగ్గర బిగుతైంది.

"కడుపులో దేశభక్తి ఎక్కువైపోనాది," అని అమ్మ వెక్కిరించింది.

ఆట గురించి ఏం చెప్పను? మీరూ చూసే ఉంటారు. బంతి అటు పోయింది, ఇటు వచ్చింది, గోల్‌లోకి మాత్రం పోలేదు. రెండో సగం మొదట్లో మనవాడొకడు గోల్‌కీపర్ ఎదురుగా ఒంటరిగా దొరికీ లోపల వేయలేకపోయాడు. మాఠ్ మాఠంతా లేచి నిలబడి, అలాగే కూలబడింది. నాన్న నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడో నాకిప్పటికీ గుర్తే. ఇంక కొడతారు, ఇంక కొడతారు అంటూనే విజిల్ పడింది. సున్నా, సున్నా. కెప్టెన్ ఏడుస్తూ స్టేడియమంతా తిరిగి దండాలు పెట్టాడు. తెర మీద అంత పెద్ద మనిషి ఏడుస్తుంటే మా ఆడవాళ్ళు కూడా ముక్కులు చీదుకున్నారు.

నాన్న చేతులు చాచి చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఊరుకో నాన్నా," అన్నాను.

"మంగళవారం కతార్ తోటి ఉంది గదే. అక్కడ గెలిస్తే ఎల్తాం," అన్నాడు. "అన్నియ్య ఏడీ? ఆట సూసినాడా?"

అన్నయ్య ఆట చూడలేదు. తెర వెనక, షామియానా గుడ్డ అవతల నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళేసరికి సిగరెట్టు కింద పడేశాడు.

"నాన్న పిలుస్తన్నాడు. ఏడస్తన్నాడు కూడాను."

"రోజా, రేపు నాన్నని రాట తియ్యడానికి రానీకు."

"ఏల?"

"ఉండనీ కొన్నాల్లు. దాదా సెప్పినాడు."

"ఎవులు సెప్తే ఏటి? ఆటయిపోనాక రాట ఉంచితే అమ్మోరికి అపచారం గదా."

"నీకెందుకే అన్నీ?" అని కసిరి వెళ్ళిపోయాడు. అన్నయ్యకి చిన్నప్పటి నుంచీ కోపం తక్కువ. భయపడ్డప్పుడే కసురుతాడు. ఆ సంగతి నాకు తెలుసు గానీ దేనికి భయపడుతున్నాడో తెలియలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న పసుపునీళ్ళ చెంబు తీసుకుని బయల్దేరాడు. నేను ఆపలేదు. ఎందుకు ఆపాలో నాకే తెలియనప్పుడు ఏమని ఆపను? అమ్మా నేనూ వెనకే వెళ్ళాం. షామియానా అప్పటికే విప్పుతున్నారు. రాట దగ్గర నాన్న పసుపునీళ్ళు చల్లి, దండం పెట్టి, రెండు చేతులతో గుంజ పట్టుకుని ఊపాడు. కదల్లేదు. ఇంకోసారి ఊపాడు. కిందికి వంగి, మొదట్లో మట్టి కాలితో తోశాడు. మట్టి కింద సిమెంటు ఉంది. బొటనవేలితో నొక్కి చూశాడు. పైన కాస్త చెమ్మగా ఉంది, లోపల గట్టిపడిపోయింది.

"రాటకి సిమెంటు పోసినారేటే?" అన్నాడు అమ్మతో. ఆయన గొంతులో కోపం లేదు. ఎవరో పిచ్చిపని చేశారు, చెప్తే సరిచేస్తారు అన్నట్టుంది.

అమ్మ గుంజ వైపు చూడలేదు. మాఠ్‌కి అటు చివర లారీ ఒకటి ఆగి ఉంది. కూలీలు రేకులు దింపుతున్నారు. మధ్యాహ్నానికి మాఠ్ చుట్టూ మూడువైపులా నీలం రేకులు లేచాయి. రోడ్డు వైపు రేకుల మీద ఫ్లెక్సీ కట్టారు. బెంగాలీలో పెద్ద అక్షరాలు, ఆరంతస్తుల బిల్డింగు బొమ్మ, కింద స్థానికుల ఆశీస్సులతో భూమిపూజ జరిగిందని రాత. నిలువెత్తు ఫోటోలో మా నాన్న నోరారా నవ్వుతున్నాడు. ఒక పక్క మొంటూ దా, ఇంకో పక్క ఆ తెల్లచొక్కా మనిషి. అతను ప్రమోటరట, బిల్డింగులు కట్టి అమ్మేవాడు. నాన్న చెయ్యి గుంజ మీద ఉంది, ఎర్రగుడ్డ ఇటుక గోతిలో కనిపిస్తోంది. తర్వాత పోలీసులతో, వార్డు ఆఫీసుతో ఏం మాట్లాడినా ఒకటే జవాబొచ్చేది. మీ పెద్దాయనే కదా పునాది వేశాడు, ఇప్పుడు గొడవేమిటి?

లైనంతా ఫ్లెక్సీ ముందు నిలబడింది. నేనూ నిలబడ్డాను. పై వరస చూశాను, మధ్య వరస చూశాను, కింది వరసలో ఒక్కొక్క ముఖమే చూశాను. వినాయక చవితి ఫ్లెక్సీలో ఉంటాడు, మొంటూ దా కూతురి పుట్టినరోజు ఫ్లెక్సీలో ఉంటాడు, చివరికి ఎవరో పోతే వేసిన ఫ్లెక్సీలో కూడా చేతులు జోడించుకుని ఉన్నాడు. ఈ ఒక్కదాంట్లో మా అన్నయ్య లేడు.

నేనింటికొచ్చి జెర్సీ మడతపెట్టాను. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం అన్నయ్య వచ్చాక గుమ్మంలోనే నిలదీశాను.

"మనకే గదా ఇస్తన్నారు," అన్నాడు, గొంతు తగ్గించి. "మొదటంతస్తులో మనకో ఫ్లాటు. ఇసకా, ఇటికా సరఫరా నాకు. అమ్మ మోకాల్లు సూసినావా? ఈ గదిలో వానొస్తే మంచం కింద నీల్లు. ఎన్నాల్లు ఇలగ?"

"ఆ మాట నాన్నకి సెప్పి అడగలేకపోయావా?"

"సెప్తే ఏసేవోడా?"

"ఎయ్యడు. అందుకే సెప్పలేదు నువ్వు."

అన్నయ్య నా వైపు చూడలేదు. లోపల నాన్న రేడియో పెట్టుకుని పడుకున్నాడు. ఆ గదికీ గుమ్మానికీ మధ్య ఉన్నది ఒక చీర తెర. ఆయన వినలేదని అన్నయ్య అనుకున్నాడు. నేనూ అలాగే అనుకోవాలని ప్రయత్నించాను.

కతార్ మ్యాచ్ మా ఇంట్లో ఎవరూ చూడలేదు. నాన్న అడగనూ లేదు. కానీ మర్నాడు పొద్దున్న టీకొట్టు దగ్గరికి పాలకోసం వెళ్తే లైన్లో మగాళ్ళందరూ ఫోన్ల మీద పడి ఉన్నారు. మనవాళ్ళే ముందు గోల్ కొట్టారట. గెలుస్తున్నారట. ఇంతలో బంతి గీత దాటి బయటికి పోతే, వాళ్ళ ఆటగాడు కాలితో లోపలికి లాగి ఇచ్చాడట, ఇంకొకడు గోల్ కొట్టాడట, రిఫరీ ఇచ్చేశాడట. దాంతో మనవాళ్ళు కాళ్ళు చచ్చుబడి ఇంకో గోల్ కూడా తిన్నారు. మూడో రౌండు పోయింది. పాడిందే పాడినట్టు ఆ గోల్‌నే మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు.

అందరికన్నా పెద్దగా అరుస్తున్నది మా అన్నయ్య. "ఇదిగో సూడండి, ఇక్కడ ఆపండి! గీత దాటేసినాది. గుడ్డోడిక్కూడా అవుపిస్తాది. అంతమంది ఉన్నారు, ఒక్కడైనా సెప్పొద్దేటి? దొంగ నాకొడుకులు!"

నాన్న బెంచీ చివర కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. ఎవరో ఫోను ఆయన ముందుకి చాపారు. ఆయన చూశాడు. బంతి బయటికి పోవడం, లోపలికి రావడం, మనవాళ్ళు చేతులెత్తి నిలబడిపోవడం అంతా చూశాడు. ఎప్పుడూ అయితే ఆయనే అందరికన్నా ముందు తిట్టేవాడు. ఫోను వెనక్కిచ్చి, టీ సగంలో వదిలి లేచాడు.

"పోనాదిలే," అన్నాడు. ఏది పోయిందో చెప్పలేదు.

ఆ ఆదివారం గుడి ముందు లైన్ పెద్దలు కూర్చున్నారు. లైన్ సంఘానికి పెద్ద రమణబాబు, సన్యాసమ్మ, ఇంకా ఇద్దరు ముగ్గురు. చుట్టూ జనం. రేకుల వెనక అప్పటికే మిషను మట్టి తవ్వుతోంది. ఆ చప్పుడు ఆగినప్పుడే మాటలు వినపడేవి. నాన్న మధ్యలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అన్నయ్య గుడి అరుగు దగ్గర, నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అమ్మ రాలేదు.

రమణబాబు నాన్నతో కలిసి డాక్‌లో పనిచేసినవాడు. అడగడానికి ఆయనకే కష్టంగా ఉంది. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"బైరాగీ, ఈ లైన్లో నీ మాటకి ఎదురు సెప్పినోడు లేడు. ఒక్కటే అడుగుతాను, అమ్మోరి ముందు సెప్పు. ఆ రాట దేనికని తెలిసి ఏసినావా? తెలీక ఏసినావా? తెలీకపోతే, నీ సేత ఎవులు ఏయించినారో సెప్పు. ఆడి సంగతి మేం సూసుకుంటాం."

ఆ మాటలో ఉన్నదేమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరు వేయించారని తేలితే వాణ్ణి లైన్ నుంచి వెలేస్తారు. చావుకీ పెళ్ళికీ పిలవరు, వాడి పాడె మొయ్యడానికి నలుగురు రారు. మాలో ఇది ఇప్పటికీ ఉంది. కోల్‌కతా వచ్చినా ఇదొక్కటీ పోలేదు.

నాన్న తలెత్తి జనం వైపు చూస్తూ నిలబడ్డాడు. మిషను ఆగింది. ఎక్కడో పిల్ల ఏడిస్తే తల్లి నోరు మూసింది. నేను అన్నయ్య వైపు చూశాను. అతని కంఠం కదులుతోంది, పెదవులు కదలడం లేదు. చెప్పు అన్నాను లోపల్లోపల. టీకొట్టు దగ్గర అంత అరిచావు కదా, ఇప్పుడొక్క మాట చెప్పు. నాన్న చేత వేయించింది నేనే అను చాలు. తర్వాత ఏమైతే అదవుతుంది, నేనూ నీ వెనక నిలబడతాను.

సన్యాసమ్మకి ఓపిక అయిపోయింది. "ఏట్రా, నోరు పడిపోనాదా?"

నేను ముందుకి అడుగేశాను. చెప్పేద్దామనే వేశాను. నాన్న నన్ను చూసి, చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

"తెలిసే ఏసినాను," అన్నాడు. "ఎవులూ ఏయించనేదు. ఫ్లాటిస్తానన్నారు, ఆశ పడ్డాను."

జనంలో ఒక్కసారి గాలి పీల్చినట్టయింది. రమణబాబు కళ్ళు మూసుకున్నాడు. ఆయన నమ్మలేదు. నమ్మకపోయినా ఆ మాట అమ్మవారి ముందు పడింది, ఇంక ఆయన చేతిలో ఏమీ లేదు. ఆ పెద్దవయసుని చూసి వెలెయ్యలేదు. రాట హక్కు మా ఇంటి నుంచి తీసి లైన్లో ఇంకో ఇంటికిచ్చారు. ఇంకెప్పుడూ ఏ పందిట్లోనూ మా ఇంటి చెయ్యి పడకూడదన్నారు. సన్యాసమ్మ నాన్న దగ్గరికొచ్చి ముఖం మీద ఉమ్మేస్తుందనుకున్నాను. ఆవిడ ఆయన భుజం పట్టుకుని, "నువ్వా బైరాగీ?" అని మాత్రం అంది. నాన్న ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాడు. అప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. అక్కడే, అందరి ముందే ఏడ్చాను.

ఇంటికొచ్చాక అమ్మ ఏమీ అడగలేదు. ఆవిడకి ముందే తెలిసినట్టుంది. కంచాలు పెట్టింది. నాన్న కాళ్ళు కడుక్కుని వచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. నాకు మాత్రం లోపల మండిపోతోంది. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక ఆయన మీదే చూపించాను.

"నీకు తెలుసు గదా నాన్నా? ఆ రోజు గుమ్మంలో మేం మాటాడుకున్నది ఇన్నావు గదా?"

నాన్న తలూపాడు.

"మరి ఏల అబద్దమాడినావు? జనం ముందు నువ్వేల దొంగవయినావు? అంతసేపు నోరు మూసుకుని నిలబడి, ఆకరికి సెప్పిన మాట అదా?"

"ఆడు సెప్తాడేమోనని సూసినానే," అన్నాడు నాన్న. "అందుకే అంతసేపు ఊరుకున్నాను."

అన్నయ్య గుమ్మంలోనే ఉన్నాడు. ఆ మాట విన్నాడు. అమ్మ అతని కంచంలో అన్నం వడ్డించి, గరిటె పట్టుకుని, ఆగింది. అమ్మా, నేనూ అతని వైపు చూశాం. నాన్న కూడా చూశాడు, గుడి ముందు చూసినట్టే, ఇంకా టైముంది అన్నట్టు.

అన్నయ్య వచ్చి కంచం ముందు కూర్చుని, తలొంచుకుని అన్నం తిన్నాడు.